నూరుడు

పోర్తో నగరం, బొన్‌ఫిం పేట, మూడో అంతస్తు.
దియోలిండా పని, నిద్రలో పళ్ళు నూరేవాళ్ళకి
రాత్రి తొడుగులు తయారుచేయడం.
డాక్టర్లు మైనం మీద కాట్లు పంపుతారు,
ముఖాలు పంపరు.
అయినా ఆమె చెప్పగలదు,
ఇతను బ్యాంకుకి బాకీ,
ఈమె ఎవరితోనో మాట్లాడ్డం మానేసింది,
ఈ కుర్రాడికి వచ్చేవారం పరీక్ష.
ఇరవై ఆరేళ్ళలో ఆమెకి రూఢి అయింది ఒక్కటే,
రాత్రిపూట ఏ నోరు నూరినా
లోపలెక్కడో ఒక లెక్క తేలలేదని.

పై వాటాలో గస్పార్, పాత ట్రామ్ కండక్టరు,
తుంటి విరిగి ఆసుపత్రికి పోతూ
పంజరం ఆమె గుమ్మంలో దింపించాడు.
"రెండు వారాలే," అన్నాడు స్ట్రెచర్ మీంచి.
బూడిదరంగు కాకటీల్. బుగ్గల మీద నారింజ చుక్కలు,
ఎవరో రెండు చెంపలూ వాయించినట్టు.
పంజరంలో గంట లేదు, అద్దం లేదు.
టిక్కెట్లకి చిల్లులు పెట్టే స్టీలు కత్తెర ఒకటి
తాడుకి వేలాడుతోంది.
పక్షి పేరు పిమెంత. వాళ్ళ భాషలో మిరియం.

నాలుగో రాత్రి, గుడ్డ కప్పిన పంజరంలోంచి
కర్ర్ర్, కర్ర్ర్.
గరుకు గోడకి ఎవరో గోరు రాస్తున్నట్టు.
దియోలిండా లేచి కూర్చుంది.
ఆ చప్పుడే కదా తన జీతం.
"నీకేం బాకీ ఉందే?" అంది చీకట్లో.
చప్పుడు ఆగింది.
కాసేపటికి, ఏమీ లేదన్నట్టు, మళ్ళీ మొదలైంది.

మన మాటల్లో మాత్రం నూరడం ఏమంత మంచి పని?
కత్తులు నూరుకుంటాం,
కారాలూ మిరియాలూ నూరుతాం,
పైకి ఏమీ అనలేనివాళ్ళ మీద పళ్ళు నూరుతాం.
మందు నూరేది కూడా జబ్బు వచ్చాకే.
గంధాన్నయితే నూరం. అరగదీస్తాం.

పక్షుల డాక్టరమ్మ పంజరం తలుపు కూడా తీయలేదు.
"ఆ వేళప్పుడు ఒంటికాలి మీద ఉంటుందా?"
ఉంటుంది.
"ఈకలు కాస్త వదులై, కళ్ళు మూతలు పడుతూ?"
అవును.
"అయితే జబ్బు కాదు. కడుపు నిండింది,
భయం తీరింది, నిద్ర వస్తోంది.
పై ముక్కు లోపలి గరుకు మీద
కింది ముక్కు అలా రాసుకుంటూ పడుకుంటుంది.
మీ ఇల్లు దానికి సరిపడింది."

దియోలిండాకి కొంచెం కోపం వచ్చింది.
ఇరవై ఆరేళ్ళ శాస్త్రాన్ని
తొంభై గ్రాముల ప్రాణి కొట్టిపారేసింది.

తర్వాత మిగతావీ కూడబలుక్కుంది.
తలమీది పింఛం నిటారుగా లేస్తే, ఏమిటది, ఎవరది?
తలకి అతుక్కుపోయి నోట్లోంచి బుస వస్తే, వేలు వెనక్కి తీసుకో.
తోక అటూ ఇటూ విదిలిస్తే, ఇందాకటి సంగతి ముగిసింది.
ఒక ఉదయం తిన్న గింజల్ని తల ఊపి ఊపి
ఆ స్టీలు కత్తెర మీద కక్కింది.
మళ్ళీ డాక్టరమ్మకి ఫోను.
"కక్కడం కాదండీ, వడ్డించడం.
మనసైనవాళ్ళకే పెడతాయి."

ఆదివారం ఆసుపత్రిలో గస్పార్ మొదటి మాట,
"రాత్రి నూరుతోందా?"
దాని అర్థం అతనికీ తెలుసు.
అవునంటే, నువ్వు లేకపోయినా హాయిగా ఉందని.
కాదంటే, నువ్వు లేక భయపడుతోందని.
ఏది దయో తెలియక
దియోలిండా దవడ బిగుసుకుంది.
"కొంచెం," అంది.
"దొంగముండ!" నవ్వాడతను, తుంటి నొప్పెట్టేలా.
"నా దగ్గర నాలుగు నెలలు పట్టింది!"
నవ్వాక కిటికీ వైపు తిరిగాడు.
వాన. ట్రామ్ తీగల మీద నీళ్ళు.

పై ఆదివారం ఆమె సంచిలోంచి
న్యూస్‌పేపర్లో చుట్టిన కత్తెర తీసింది.
కడగలేదు. పళ్ళ సందుల్లో
సగం నమిలిన కొర్రలు ఎండి అంటుకుని ఉన్నాయి.
"రోజూ పొద్దున దీనికే పెడుతోంది," అంది.
అతను ముక్కు దగ్గర పెట్టుకు చూశాడు.
నర్సు వచ్చి, ఛీ, ఇవ్వండి కడిగిస్తాను, అంటే
పిడికిలి దుప్పటి కిందికి లాక్కున్నాడు.